స్నేహితుడి విదేశీ కంపెనీలో రెండో ఇన్నింగ్స్: ఉద్యోగిగా వెళ్లాలా, వాటాదారుగానా, హైదరాబాద్ నుంచే మొదలుపెట్టాలా?

"నువ్వు వచ్చేయ్ రా, మిగతాదంతా నేను చూసుకుంటా." ఇలాంటి ఫోన్ దుబాయ్ నుంచో లండన్ నుంచో వచ్చాక నిద్ర పట్టని ఇళ్లు కూకట్‌పల్లి, మియాపూర్, ఎల్బీ నగర్‌లో చాలానే ఉన్నాయి. ఇరవై ఏళ్లు ఒకే రంగంలో పనిచేసి, వయసు నలభై అయిదుకు దగ్గరపడి, కొత్తగా ఏదైనా మొదలుపెట్టాలని ఉన్నవాళ్లకు ఆ మాట ఎంతో ధైర్యాన్నిస్తుంది. పిలిచినవాడి మనసులో కల్మషం ఉండదు. చిక్కల్లా ఆ "మిగతాది" ఏమిటో ఇద్దరూ విడమరిచి మాట్లాడుకోకపోవడమే. వీసా, జీతం, వాటా, కుటుంబం, తిరుగు ప్రయాణం అన్నీ అందులోనే ఉన్నాయి.

చాలామంది ముందు ఏ దేశం అని ఆలోచిస్తారు. అంతకన్నా ముందు తేలాల్సింది, ఆ కంపెనీలో మీరు ఏ కుర్చీలో కూర్చుంటారన్నది. ఉద్యోగిగానా, డబ్బు పెట్టిన వాటాదారుగానా, హైదరాబాద్‌లోనే ఉండి బిల్లు పంపే కన్సల్టెంటుగానా, లేక ఇక్కడి శాఖ నడిపేవారుగానా? కుర్చీని బట్టే వీసా, పన్ను, గొడవ వస్తే దిక్కు మారిపోతాయి.

ముందు దేన్ని కొలవాలి?

మొదటిది, కంపెనీ మూతపడినా స్నేహం చెడినా ఆ దేశంలో మీరు ఎన్ని రోజులు ఉండగలరు? ఉద్యోగం పోయాక అమెరికాలో ఎచ్-1బీ వారికి గరిష్ఠంగా 60 రోజులు. బ్రిటన్‌లో స్పాన్సర్‌షిప్ పోతే మామూలుగా ఇచ్చేది 60 రోజులే. ఆస్ట్రేలియాలో 2024 జులై నుంచి ఒక విడతలో 180 రోజులు. అరవై రోజుల్లో కొత్త యజమానిని వెతుక్కుని, పిల్లల బడి సంగతి తేల్చి, ఇల్లు ఖాళీ చేయడం ఎలా ఉంటుందో ఒక్కసారి ఊహించుకోండి.

రెండోది, మీ జేబులోంచి ఎంత పోతుంది, దాంట్లో ఎంత తిరిగొస్తుంది. మూడోది, భార్య లేదా భర్త అక్కడ పనిచేయవచ్చా. నాలుగోది మీ వయసు. అయిదోది ఇక్కడి బాధ్యతలు: ఇంటి ఈఎంఐ, అమ్మానాన్నల వైద్యం, పిల్లల ఇంటర్.

ఈ అయిదింటిలో మొదటిదానికే ఎక్కువ బరువు ఇవ్వండి. ఉద్యోగం, వీసా, పొదుపు, స్నేహం నాలుగూ ఒకే గుంజకు కట్టేస్తే, గుంజ కదిలిన రోజు నాలుగూ ఒకేసారి ఊడతాయి.

| చూడాల్సింది | ఉద్యోగి | వాటాదారు | హైదరాబాద్ నుంచి కాంట్రాక్టు | హైదరాబాద్ శాఖ నడపడం |
|---|---|---|---|---|
| మొదట పెట్టాల్సిన డబ్బు | తక్కువ, కానీ బ్రిటన్‌కైతే లక్షల్లో | ఎక్కువ | దాదాపు లేదు | కంపెనీ పెట్టాలి |
| వీసా ఎవరి చేతిలో | స్నేహితుడి చేతిలో | దేశాన్ని బట్టి | అవసరం లేదు | తర్వాత బదిలీ వీసా |
| గొడవ వస్తే | కార్మిక చట్టం అండ | ఒప్పందమే దిక్కు | నోటీసిచ్చి ఆపేయవచ్చు | ఇక్కడి చట్టాలు |
| కుటుంబం | వెంటే వెళ్లవచ్చు | వెంటే వెళ్లవచ్చు | కదలక్కర్లేదు | ఏడాది తర్వాత |
| పెరిగే అవకాశం | జీతం వరకే | లాభంలో పాలు | పరిమితం | మంచిది |

ఉద్యోగిగా వెళ్తే

యూఏఈ: నలభై దాటినవారికి తలుపు తేలిగ్గా తెరుచుకునే చోటు ఇదే. జీతం మీద ఆదాయపు పన్ను లేదు. ఉద్యోగ వీసా సాధారణంగా రెండేళ్లది. ప్రొబేషన్ ఆరు నెలలు మించకూడదు, నోటీసు 30 నుంచి 90 రోజుల మధ్య ఉండాలి. ప్రొబేషన్, నోటీసు నిబంధనలు 2022 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చిన కార్మిక చట్టంలో ఉన్నాయి.

ఇక్కడ చాలామంది పోగొట్టుకునేది బేసిక్ దగ్గరే. గ్రాట్యుటీని మొత్తం జీతం మీద కాదు, బేసిక్ మీద లెక్కిస్తారు. ఏడాది పూర్తయ్యాక, మొదటి అయిదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్ చొప్పున, ఆ తర్వాత 30 రోజుల చొప్పున వస్తుంది. జీతం 20,000 దిర్హమ్‌లు అనుకుందాం. అందులో బేసిక్ 8,000 అని రాస్తే అయిదేళ్లకు 28,000 చేతికొస్తాయి. అదే 12,000 అని రాస్తే 42,000. మొత్తం జీతం ఒక్క దిర్హమ్ కూడా మారలేదు, ఆఫర్ లెటర్‌లో ఒక్క అంకె మారింది. స్నేహితుణ్ని ఇది అడగడానికి మొహమాటపడకండి. సంతకం పెట్టేముందు అడిగితే అది మామూలు మాట, పెట్టాక అడిగితే పేచీ.

"విజిట్ వీసా మీద వచ్చేయ్, ఇక్కడికొచ్చాక మార్చేద్దాం" అనే మాట తరచూ వినిపిస్తుంది. వచ్చి వీసా మార్చుకోవడం తప్పు కాదు. వర్క్ పర్మిట్ రాకముందే ఆఫీసులో పని మొదలుపెట్టడం తప్పు. 2024లో సవరించిన చట్టం ప్రకారం అలా పనిలో పెట్టుకున్న యజమానికి లక్ష నుంచి పది లక్షల దిర్హమ్‌ల వరకు జరిమానా పడుతుంది. పిలిచిన స్నేహితుణ్నే చిక్కులో పెట్టినవాళ్లవుతారు.

కాగితాల్లో రెండు చోట్ల పని ఆగుతుంది. ఒక్క ముద్రతో పత్రాలను దేశాలు పరస్పరం గుర్తించే అపోస్టిల్ ఒప్పందంలో యూఏఈ లేదు. కాబట్టి డిగ్రీ పట్టాకు ముందు తెలంగాణ ప్రభుత్వ ధ్రువీకరణ, తర్వాత విదేశాంగ శాఖ, తర్వాత యూఏఈ రాయబార కార్యాలయం, చివరికి అక్కడి విదేశాంగ శాఖ ముద్ర పడాలి. రెండోది మన ఇంటిపేరు. పట్టాలో పొడి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు ఉండటం మనకు మామూలే గానీ అక్కడ వేర్వేరు మనుషులనుకుంటారు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి అసలు ఖాళీగా ఉంటే విజిట్ వీసా దగ్గరే ఇబ్బంది మొదలవుతుంది. ముందు పాస్‌పోర్టు సరిచేయించుకుని తర్వాతే పట్టాలు పంపండి. వరస తప్పితే రెండుసార్లు ఖర్చు.

బ్రిటన్: మీ స్నేహితుడి కంపెనీకి స్పాన్సర్ లైసెన్స్ (విదేశీ ఉద్యోగులను రప్పించుకునే అనుమతి) ఉందా అన్నది మొదటి ప్రశ్న. లేకపోతే ముందు వాళ్లు దానికి దరఖాస్తు చేసుకోవాలి. 2025 జులై 22 నుంచి స్కిల్డ్ వర్కర్ వీసాకు సాధారణంగా ఏడాదికి 41,700 పౌండ్ల జీతం, డిగ్రీ స్థాయి ఉద్యోగం ఉండాలి. చిన్న కంపెనీ అంత జీతం నెలనెలా నిజంగా ఇవ్వగలదా అన్నది నిర్మొహమాటంగా తేల్చుకోండి. "కాగితం మీద అంత చూపిద్దాం, కొంత కంపెనీలోనే పెట్టుబడిగా తిరిగి ఇవ్వు" అంటే ఒప్పుకోవద్దు. 2025 ఏప్రిల్ నుంచి అలా వెనక్కి ఇచ్చిన డబ్బును జీతంలోంచి తీసేసి లెక్క చూస్తున్నారు. అర్హతే పోవచ్చు.

ఆరోగ్య సర్‌చార్జి వీసా కాలం మొత్తానికి ముందే కట్టాలి. పెద్దవారికి ఏడాదికి 1,035 పౌండ్లు, పిల్లలకు 776. భార్యాభర్తలు, ఒక పిల్లవాడు, మూడేళ్ల వీసా అయితే 8,538 పౌండ్లు. ఇది వీసా ఫీజు కాక. దీన్ని కంపెనీ కడుతుందా మీరు కడతారా అన్నది ఆఫర్ లెటర్‌లో ఉండాలి. కంపెనీ కట్టి, రెండేళ్లలోపు మానేస్తే వెనక్కి ఇవ్వాలనే షరతు ఉందేమో కూడా చూడండి.

అమెరికా: చిన్న కంపెనీ ద్వారా నేరుగా వెళ్లాలనుకునేవారు ఈ దారిని పక్కన పెట్టడమే మంచిది. ఎచ్-1బీ వీసాలు ఏడాదికి 85,000 మాత్రమే. మార్చిలో పేరు నమోదు, లాటరీలో ఎంపికైతే అక్టోబర్ 1 నుంచి పని. దేశం బయట ఉన్నవారి కొత్త దరఖాస్తులకు లక్ష డాలర్లు కట్టాలన్న ఆదేశం 2025 సెప్టెంబర్ 21 నుంచి 12 నెలల కాలానికి వచ్చింది. పెట్టుబడిదారుల ఈ-2 వీసా భారతీయులకు లేదు. అమెరికాకు దారి నాలుగో కుర్చీలో ఉంది, కిందికి చదవండి.

కెనడా, ఆస్ట్రేలియా, జర్మనీల్లో వయసే ప్రధాన అడ్డంకి. పాయింట్లను బట్టి శాశ్వత నివాసానికి పిలిచే కెనడా ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో 45 నిండితే వయసు పాయింట్లు సున్నా. ఉద్యోగ ఆఫర్‌కు ఇచ్చే పాయింట్లనూ 2025 మార్చి 25 నుంచి తీసేశారు, కాబట్టి స్నేహితుడి ఆఫర్ అక్కడ ఒకప్పటంత పనిచేయదు. ఆస్ట్రేలియాలో యజమాని స్పాన్సర్ చేసే తాత్కాలిక వీసాకు వయోపరిమితి లేదు గానీ, శాశ్వత నివాసానికి మామూలుగా 45 లోపే ఉండాలి. జర్మనీలో 45 దాటి మొదటిసారి వెళ్లేవారు ఎక్కువ జీతమో, సరిపడా పింఛను ఏర్పాటో చూపాలి. మీకు 43 అయితే ఈ దేశాల విషయంలో రెండేళ్లు ఆలోచించే వ్యవధి లేదు.

వాటాదారుగా వెళ్తే

ఎక్కువ జాగ్రత్త కావాల్సిన కుర్చీ ఇది. "పాతిక శాతం నీది" అన్న మాట వినగానే ప్లాట్ అమ్మేసేవారున్నారు. అమ్మకండి.

భారత నివాసిగా ఉండగా విదేశంలోని అన్‌లిస్టెడ్ (స్టాక్ మార్కెట్లో లేని) కంపెనీలో ఒక్క శాతం వాటా కొన్నా అది విదేశీ ప్రత్యక్ష పెట్టుబడి కిందికే వస్తుంది. 2022 ఆగస్టు నిబంధనల ప్రకారం మీ బ్యాంకులో ఫారం ఎఫ్‌సీ ఇచ్చి, గుర్తింపు సంఖ్య వచ్చాకే డబ్బు పంపాలి. కుటుంబ ఖర్చుల పేరుతో పంపి వాటాలు రాయించుకుంటే ఫెమా (విదేశీ మారక చట్టం) ఉల్లంఘన అవుతుంది. ఒక్కొక్కరికి ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్ల పరిమితి ఉంది. కంపెనీ ఆర్థిక సేవల రంగంలో ఉంటే నిబంధనలు మరింత బిగువు. వాటా 10 శాతం, ఆపైన ఉంటే ఏటా డిసెంబర్ 31 లోగా పనితీరు నివేదిక కూడా ఇవ్వాలి.

ఇక టీసీఎస్, అంటే డబ్బు పంపేటప్పుడే బ్యాంకు ముందుగా వసూలు చేసే పన్ను. ఏడాదిలో పంపే డబ్బు 10 లక్షలు దాటితే, పెట్టుబడి కోసమైతే దాటిన మొత్తం మీద 20 శాతం బ్యాంకు వసూలు చేస్తుంది. 50 లక్షలు పంపాలంటే 40 లక్షల మీద 8 లక్షలు. అంటే ఆ రోజు మీ ఖాతాలో 58 లక్షలుండాలి. రిటర్ను వేసినప్పుడు ఆ 8 లక్షలు పన్నులో సర్దుబాటవుతాయి, మిగిలితే వెనక్కి వస్తాయి. కానీ అప్పటిదాకా ఆ డబ్బు మీ చేతిలో ఉండదు.

డబ్బు పంపేముందు మూడేళ్ల ఆడిట్ లెక్కలు, ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్, బకాయిల జాబితా, పెద్ద కస్టమర్ ఎవరన్నది చూడండి. అమ్మకాల్లో సగం ఒకే కస్టమర్ నుంచి వస్తుంటే, మీరు కొంటున్నది నిజానికి ఆ కస్టమర్ దయను. యూఏఈలో ఏడాదికి 3,75,000 దిర్హమ్‌లు దాటిన లాభం మీద 9 శాతం కార్పొరేట్ పన్ను ఉంది. అది కడుతున్నారో లేదో అడగండి.

డబ్బు పెట్టకుండా పనితో వాటా సంపాదించే పద్ధతే రెండో ఇన్నింగ్స్‌కు బాగా నప్పుతుంది. నాలుగేళ్లలో వాటా అంచెలంచెలుగా మీ పేరుకు రావాలి, మొదటి ఏడాది నిండాకే తొలి భాగం రావాలి. 12 శాతం అనుకుంటే ఏడాదికి 3 చొప్పున. ఏడాదిన్నరకు విడిపోతే 3 మీది, మిగతాది అతనిది. ఇద్దరికీ న్యాయం. ఒప్పందంలో ఇంకా మూడు సంగతులు ఉండి తీరాలి: వెళ్లిపోయేవారి వాటాకు విలువ ఎవరు, ఏ పద్ధతిలో కడతారు, ఆ డబ్బు ఎన్ని నెలల్లో చెల్లిస్తారు, ఇద్దరూ చెరో మాట మీద ఉంటే చివరి మాట ఎవరిది. కంపెనీ అప్పుకు వ్యక్తిగత హామీ మీద గానీ, తేదీ లేని చెక్కు మీద గానీ సంతకం పెట్టకండి. యూఏఈలో బౌన్స్ అయిన చెక్కును పట్టుకుని నేరుగా వసూలుకు వెళ్లే వీలుంది.

మరో మాట: వాటాదారు వీసా మీద ఉంటే మీకు గ్రాట్యుటీ, నోటీసు వంటివి ఉద్యోగికి వచ్చినట్టు వాటంతటవే వస్తాయనుకోవద్దు. కావాలంటే విడిగా రాసుకోండి.

హైదరాబాద్‌లోనే ఉండి, కాంట్రాక్టు మీద

ఆకర్షణ తక్కువ, భద్రత ఎక్కువ. ఆరు నెలలు ఇలా పనిచేస్తే స్నేహితుడు యజమానిగా ఎలాంటివాడో, మీరు అతని కింద పనిచేయగలరో తెలిసిపోతుంది. ఇరానీ హోటల్లో చాయ్ తాగుతూ ఇరవై ఏళ్లు గడిపిన స్నేహం వేరు, నెలాఖరున బిల్లు పాస్ చేసే మనిషి వేరు.

బిల్లు విదేశీ కరెన్సీలో వేయండి. ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు తప్పదు. అయితే సేవల ఎగుమతికి పన్ను సున్నా. దానికి ఏటా ఎల్‌యూటీ (పన్ను కట్టకుండా ఎగుమతి చేసేందుకు ఇచ్చే హామీ పత్రం) దాఖలు చేయాలి. ఏప్రిల్‌లో కొత్తది వేయడం మరిచిపోవడం అందరూ చేసే పొరపాటు. డబ్బు వచ్చిన ప్రతిసారీ బ్యాంకు నుంచి విదేశీ జమ పత్రం తీసుకుని బిల్లుతో కలిపి దాచండి. సాంకేతిక సలహా వంటి నిర్ణీత వృత్తుల్లో ఉంటే, నగదు వసూళ్లు 5 శాతం మించనప్పుడు 75 లక్షల వసూళ్ల వరకు సగాన్నే ఆదాయంగా చూపే వెసులుబాటు ఉంది. 30 లక్షలొస్తే 15 లక్షల మీద పన్ను, అది మార్చి 15 లోగా ఒకే విడతలో.

జాగ్రత్త ఒక్కచోట. హైదరాబాద్‌లో కూర్చుని విదేశీ కంపెనీ పేరిట మీరే ఒప్పందాలు ఖరారు చేస్తుంటే, ఆ కంపెనీకి భారత్‌లో స్థిర వ్యాపార స్థావరం ఉన్నట్టు పన్ను అధికారులు భావించవచ్చు. సంతకాలు అతణ్నే పెట్టమనండి.

హైదరాబాద్ శాఖ నడిపి, తర్వాత బదిలీ

ఓపిక ఉన్నవారికి ఇది చక్కని దారి, ముఖ్యంగా అమెరికాకు. స్నేహితుడి కంపెనీ ఇక్కడ అనుబంధ సంస్థ పెట్టి, అందులో మీరు మేనేజర్ స్థాయిలో గత మూడేళ్లలో వరుసగా ఒక ఏడాది పనిచేస్తే ఎల్-1ఏ అనే బదిలీ వీసా దారి తెరుచుకుంటుంది. దీనికి లాటరీ లేదు, గరిష్ఠంగా ఏడేళ్లు ఉండవచ్చు, భార్య లేదా భర్త పనిచేయవచ్చు. షరతు ఏమిటంటే రెండు కంపెనీల యాజమాన్యం నిజంగా కలిసి ఉండాలి, ఇక్కడ నిజమైన సిబ్బంది, నిజమైన పని ఉండాలి. బోర్డు తగిలించిన ఖాళీ గది చాలదు.

ఎవరికి ఏది?

పిల్లలు తొమ్మిదో తరగతికి వస్తున్న ఇంట్లో కుటుంబాన్ని కదిలించేముందు ఆగండి. తెలంగాణలో మెడికల్ సీట్ల స్థానిక కోటాకు 9 నుంచి ఇంటర్ రెండో ఏడాది వరకు వరుసగా నాలుగేళ్లు ఇక్కడే చదివి ఉండాలన్నది నిబంధన. మధ్యలో రెండేళ్లు దుబాయ్‌లో సీబీఎస్ఈ చదివించి తీసుకొస్తే చదువు సాగుతుంది, కోటా పోతుంది. వీరికి కాంట్రాక్టు, లేదంటే ఒక్కరే వెళ్లి రావడం మేలు.

అమ్మానాన్నలు మీ ఆఫీసు గ్రూప్ ఇన్సూరెన్స్‌లో ఉంటే, రాజీనామాతో వాళ్ల కవరేజీ పోతుంది. కొత్త పాలసీలో పాత జబ్బులకు మూడేళ్ల వరకు నిరీక్షణ ఉండవచ్చు. కాబట్టి వెళ్లే ఆలోచన రాగానే, రాజీనామాకు ముందే వారి పేరిట విడి పాలసీ తీసుకోండి, లేదా గ్రూప్ పాలసీ నుంచి అదే కంపెనీ వ్యక్తిగత పాలసీకి మారే అవకాశాన్ని అడగండి.

ఈఎంఐ నడుస్తున్న ఫ్లాట్‌ను అద్దెకిచ్చి వెళ్దామనుకునేవారు ఈ లెక్క వేసుకోండి. మీరు ఎన్నారై అయ్యాక అద్దెదారు 31.2 శాతం టీడీఎస్ కోయాలి. 25,000 అద్దెలో 7,800 పోయి 17,200 వస్తుంది. రిటర్నులో వెనక్కి రావచ్చు గానీ ఈఎంఐ ప్రతి నెలా కట్టాలి. తక్కువ కోతకు ముందే సర్టిఫికెట్ కోసం దరఖాస్తు చేసుకోవచ్చు. సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్ఓగా (ఎన్నారైల రూపాయి ఖాతాగా) మార్చేటప్పుడు ఖాతా నంబరు మారిందేమో చూసి, ఈఎంఐ మాండేట్ మళ్లీ ఇవ్వండి. చెక్ బౌన్స్ మచ్చలు ఇలాగే పడతాయి. పవర్ ఆఫ్ అటార్నీ కూడా ఇక్కడుండగానే రిజిస్టర్ చేయించండి.

ఈపీఎఫ్ పెన్షన్‌కు పదేళ్ల సర్వీసు కావాలి. మీకు తొమ్మిదేళ్లయితే పిలుపును కొన్ని నెలలు వాయిదా వేయమని అడగడంలో తప్పులేదు.

పిల్లలు స్థిరపడి, అప్పులు లేక, 50 దగ్గరున్న దంపతులకు దుబాయ్ ఉద్యోగం, దానితోపాటు పనితో వచ్చే చిన్న వాటా సరిగ్గా కుదురుతుంది. నలభై లోపు ఉండి, శాశ్వతంగా స్థిరపడాలనుకుంటే వాటా ఊసెత్తకుండా బ్రిటన్ లేదా ఆస్ట్రేలియా ఉద్యోగం. మిగతా చాలామందికి మా సలహా: ఆరు నెలల కాంట్రాక్టు, తర్వాత ఉద్యోగం, ఏడాది నిండాక వాటా. డబ్బు పెట్టడం అన్నిటికన్నా చివర.

తేదీల లెక్క

ఉద్యోగం కోసం వెళ్లే భారత పౌరుడు ఆ ఆర్థిక సంవత్సరంలో ఇక్కడ 182 రోజుల కన్నా తక్కువ ఉంటే ఎన్నారైగా పన్ను లెక్క. ఏప్రిల్ 1 నుంచి లెక్కిస్తే సెప్టెంబర్ 28కి 181 రోజులు. ఆ తేదీలోపు విమానం ఎక్కితే ఆ ఏడాది అక్కడి జీతానికి ఇక్కడ పన్ను లేదు. అక్టోబర్‌లో వెళ్తే అక్కడి జీతం కూడా ఇక్కడి రిటర్నులోకి వస్తుంది. యూఏఈ వెళ్లేవారికి ఈ తేడా పెద్దది. భారత్‌లో ఏటా 15 లక్షలకు మించి ఆదాయం ఉన్నవారు మాత్రం యూఏఈ విషయంలో సీఏను విడిగా అడగాలి.

రాజీనామా ఎప్పుడు? వీసా మంజూరయ్యాకే. ఇక్కడి ఐటీ కంపెనీల్లో నోటీసు చాలాచోట్ల 90 రోజులు. బ్రిటన్ వీసాకు ఉద్యోగం మొదలయ్యే తేదీకి మూడు నెలల ముందు మాత్రమే దరఖాస్తు చేయగలరు. నిర్ణయం రావడానికే కొన్ని వారాలు పడుతుంది. రెండూ కలిపితే 90 రోజుల నోటీసు పట్టదు. కాబట్టి దరఖాస్తుకు ముందే రెండు పనులు చేయండి: ఇక్కడి మేనేజర్‌తో నోటీసును 60 రోజులకు తగ్గించడంపై మాట్లాడండి, లేదా మిగిలిన రోజులకు డబ్బు కట్టి బయటపడే అవకాశం ఉందేమో హెచ్ఆర్ పాలసీలో చూసుకోండి. అక్కడి స్నేహితుణ్ని మీరు చేరే తేదీని దానికి సరిపడేలా స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్‌లో వేయించమనండి. సర్టిఫికెట్ జారీ అయ్యాక దాన్ని మూడు నెలల్లోపు వాడుకోవాలి, కాబట్టి తేదీ తేలాకే దాన్ని జారీ చేయమనండి.